ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?

బౌద్ధ విహారంలో పూజ ముగిసే వేళ భిక్షువు, అంటే భంతేగారు, గాథలు చదువుతుంటారు. పెద్దవాళ్లు చిన్న కూజాలోంచి గిన్నెలోకి సన్నటి ధారగా నీళ్లు వంపుతుంటారు. ఈ రోజు చేసిన దానం, పాటించిన శీలం, కాసేపు కూర్చున్న ధ్యానం, వీటివల్ల కలిగిన పుణ్యం పోయిన నాయనమ్మకు, అయినవాళ్లకు, సమస్త ప్రాణులకు చెందాలని మనసులో అనుకుంటారు. అందరూ కళ్లు మూసుకుని ఉంటే ఆరేళ్ల పిల్లాడు మాత్రం గిన్నె నిండి నీళ్లు ఎప్పుడు పొర్లుతాయా అని చూస్తుంటాడు. ఇంటికొచ్చాక అడుగుతాడు: "అమ్మా, పుణ్యమంతా నాయనమ్మకి ఇచ్చేశాం కదా, మరి నాకేం మిగిలింది?"

ఈ ప్రశ్న విన్న తల్లిదండ్రులు కంగారు పడతారు. జ్వరానికో దగ్గుకో పిల్లాణ్ని నా దగ్గరికి తెచ్చి, మందుల చీటీ తీసుకుని లేవబోతూ ఆగి అడుగుతారు: "వీడికి స్వార్థం అలవాటవుతోందేమో డాక్టర్‌గారూ?" కాదండీ. ఆరేళ్ల వయసులో ఇవ్వడమంటే తగ్గడమే. నాలుగు చాక్లెట్లలో రెండు చెల్లికిస్తే రెండే మిగులుతాయి. ఆ లెక్క నేర్పింది మనమే, వాడు దాన్ని పుణ్యానికీ వేశాడు. అలా అడిగాడంటే అక్కడ జరిగినదంతా శ్రద్ధగా చూశాడన్నమాట. మనం నిజంగానే ఏదో ఇచ్చామని నమ్మాడన్నమాట. కళ్లు మూసుకున్న పెద్దవాళ్లలో ఎంతమంది అంతగా నమ్మి ఉంటారో నాకు అనుమానమే.

ఇలాంటి ఇళ్లు మన మధ్య తక్కువేమీ కాదు. అంబేద్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న కుటుంబాలున్నాయి. హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర 1976లో మొదలైన ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన శిబిరం చేసి వచ్చి, చివరిలో నేర్పిన మైత్రీ భావనను, అంటే అందరికీ మేలు కోరే ధ్యానాన్ని, ఇంట్లో కొనసాగిస్తున్నవాళ్లున్నారు. ఉద్యోగాల మీద సింగపూరుకో బ్యాంకాకుకో వెళ్లి, ఇరుగుపొరుగుతో కలిసి విహారాల్లో అడుగుపెట్టినవాళ్లున్నారు. ఏ దారిన వచ్చినా పుణ్యం పంచే ఈ ఆచారం పిల్లల కంట పడుతుంది. దాన్ని వాళ్లకెలా చెప్పాలో మనకు తోచదు. మనకూ చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు కదా.

థేరవాద సంప్రదాయం పుణ్యకార్యాలను పదిగా లెక్కపెడుతుంది. దానం, శీలం, భావనలతో మొదలయ్యే ఆ పదింటిలో రెండు మనకిక్కడ కావాలి. చేసిన పుణ్యాన్ని ఇతరులకు పంచడం ఒకటి, ఇతరుల పుణ్యానికి సంతోషించడం ఇంకొకటి. మొదటిది పత్తిదానం, రెండోది అనుమోదన. మహాయానంలో పంచడాన్ని పరిణామన అంటారు. శ్రీలంకలో మనిషి పోయిన ఏడో రోజున, మూడు నెలలకు, ఏడాదికి భిక్షువులకు భోజనం పెట్టి ఆ పుణ్యాన్ని పోయినవారికి అందిస్తారు. ఇంటివాళ్లు దగ్గరదగ్గరగా కూర్చుని, గిన్నె నిండి పొర్లేదాకా నీళ్లు పోస్తారు. థాయిలాండులో ఆ నీళ్లను తర్వాత బయటికి తీసుకెళ్లి చెట్టు మొదట్లో పోస్తారు, భూమాత సాక్షిగా. బర్మాలో దానం ముగిశాక, ఈ పుణ్యంలో మీరూ పాలు పంచుకోండని అందరినీ పెద్దగా పిలుస్తారు. విన్నవాళ్లు మూడుసార్లు 'సాధు' అంటారు, వాళ్ల నోట అది 'తాదు'. మనకూ ధారపోయడం కొత్త కాదు, పెళ్లిపందిట్లో చూస్తూనే ఉన్నాం. అందుకే పిల్లలకు ఆ దృశ్యం పరాయిగా అనిపించదు. అనుమానమల్లా ఆ లెక్క దగ్గరే.

ఆ లెక్కకు ధమ్మపదానికి వ్యాఖ్యానమైన అట్టకథలో ఒక జవాబుంది. పడుకునే ముందు చెప్పడానికి బాగుండే కథ. పూర్వం వారణాసిలో అన్నభారుడనే పేదవాడు సుమనుడనే శ్రేష్ఠి దగ్గర పనిచేసేవాడు. ఒకనాడు తనకూ భార్యకూ ఉన్న కాస్త అన్నాన్ని ఒక ప్రత్యేకబుద్ధుడి (గురువు లేకుండా తనంతట తానే జ్ఞానం పొందినవాడి) పాత్రలో పెట్టేశాడు. శ్రేష్ఠి గొడుగులో కాపురముండే దేవత అది చూసి 'సాధు' అంది. (గొడుగులో దేవత అనగానే పిల్లలు లేచి కూర్చుంటారు, కాసేపు ఆ గొడుగు గురించే మాట్లాడనివ్వండి.) శ్రేష్ఠికి చిన్నతనమనిపించింది. ఇన్నాళ్లుగా నేనిన్ని దానాలు చేస్తుంటే నన్నెప్పుడూ మెచ్చుకోలేదే అన్నాడు. విషయం తెలుసుకుని అన్నభారుణ్ని పిలిచి, వెయ్యి నాణేలిస్తాను, ఆ పుణ్యం నాకివ్వమన్నాడు. అన్నభారుడికి ఏం చెప్పాలో తెలియలేదు. వెళ్లి ప్రత్యేకబుద్ధుణ్ని అడిగాడు. మీ అబ్బాయి అడిగిందే అడిగాడు: పంచితే నాది తగ్గుతుందా? ఊళ్లో ఒకరింట్లో దీపం వెలుగుతోందనుకో, మిగతా ఇళ్లవాళ్లు వచ్చి దాన్నుంచి తమ వత్తులు అంటించుకుంటే మొదటి దీపం వెలుగు తగ్గుతుందా అని ఆయన తిరిగి అడిగాడు.

ఇంత చెప్పి ఊరుకోకండి. ఇంట్లో ప్రమిదలుంటాయి. మీరు దగ్గరుండి పిల్లాడి చేతే ఒకదాన్నుంచి ఇంకోటి వెలిగించనివ్వండి. వాడు మొదటి దీపాన్ని పరీక్షగా చూస్తాడు. కొందరు పిల్లలు, నూనె అయిపోతే ఆరిపోతుందిగా అని వాదిస్తారు. నిజమే. అందుకే మంచి పనులు మళ్లీ మళ్లీ చేస్తామని చెప్పండి, సరిపోతుంది.

కథలో అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. అన్నభారుడు తిరిగొచ్చి శ్రేష్ఠితో, పుణ్యం అమ్మను, శ్రద్ధతో ఇస్తాను తీసుకోండి అన్నాడు. శ్రేష్ఠి సంతోషించి, ధరగా కాకుండా గౌరవంగా ఆ వెయ్యీ ఇచ్చాడు, ఇకమీదట కూలిపని చేయనక్కర్లేదన్నాడు.

అమ్మను అన్న ఆ మాట దగ్గర మనం కాస్త ఆగాలి, ఎందుకంటే మన ఇళ్లలో పుణ్యం రోజూ అమ్ముడుపోతోంది. "చెల్లికి బొమ్మ ఇచ్చెయ్, పుణ్యం వస్తుంది." "ఇవాళ విహారానికి వస్తే యూనిట్ టెస్టులో మంచి మార్కులొస్తాయి." గోడకు చార్టు అంటించి, మంచి పని చేసినప్పుడల్లా ఒక స్టారు అతికించే ఇళ్లూ చూశాను. మన ఉద్దేశం మంచిదే. పిల్లాడికి మంచి అలవాట్లు రావాలనే కదా ఈ తాపత్రయమంతా. కానీ పిల్లలు బేరం చాలా త్వరగా పట్టేస్తారు. కొన్నాళ్లకు ఎవరూ చూడనప్పుడు చేసిన మంచి పనికి విలువ లేదనుకుంటారు. పుణ్యం చేసినా మార్కులు తగ్గిన రోజున, తనలో ఏదో లోపముందనుకుంటారు, లేదా మనం అబద్ధమాడామనుకుంటారు. రెండూ నష్టమే.

లెక్కపెట్టడమే తప్పని నేననను. మింగ్ చక్రవర్తుల కాలపు చైనాలో యువాన్ హువాంగ్ అనే పండితుడు తన కొడుకు కోసం నాలుగు పాఠాలుగా ఒక పుస్తకం రాశాడు. బౌద్ధ కుటుంబాల్లో దాన్ని ఇప్పటికీ చదువుతారు. అందులో తన సంగతే చెప్పాడు. 3,000 మంచి పనులు చేస్తానని మొక్కుకుని, రోజూ పుస్తకంలో రాసుకుంటూ, పదేళ్లకు పైగా పట్టినా పూర్తిచేసి, భిక్షువుల చేత ఆ పుణ్యాన్ని పరిణామన చేయించాడు. తర్వాత కొడుకు పుట్టాలని ఇంకో 3,000. ఆయన భార్యకు రాయడం రాదు, ఈకను ఎర్రరంగులో ముంచి క్యాలెండర్ మీద చుక్కలు పెట్టుకునేది. ఆ తర్వాత 10,000 మొక్కుకున్నాడు. ఇంతలో పెద్ద పరీక్షలో నెగ్గి ఒక జిల్లాకు అధికారి అయ్యాడు. కచేరీ గోడల మధ్య ఈ పదివేలు ఎప్పటికి పూర్తవుతాయని భార్య దిగులుపడింది. అప్పుడాయనకు కలలో ఒక దేవత కనిపించి, రైతుల భూమిశిస్తు తగ్గించావు కదా, ఆ ఒక్క పనితో పదివేలూ తీరాయని చెప్పిందట. తండ్రి కొడుక్కి అన్నేళ్ల చిట్టా చూపించి, చివరకు ఆ చిట్టాను మించిన పని ఇదీ అని చెప్పడం నాకు నచ్చుతుంది. మన స్టార్ల చార్టును కూడా కొన్నాళ్లుంచి, పిల్లలు మరిచిపోయిన రోజున మనమూ మరిచిపోవచ్చు.

ఇక, ఇంట్లో ఎవరైనా పోయినప్పటి సంగతి. పుణ్యం పంచడమన్నది పిల్లల మనసును బాగా తాకేదీ, మనం ఎక్కువ తడబడేదీ ఇక్కడే.

తాతయ్య పోయారనుకుందాం. నాలుగైదేళ్ల పిల్లలకు చావంటే తిరిగిరాకపోవడమని ఇంకా అందదు. ఊరెళ్లినవాళ్లు వచ్చినట్టు ఎప్పుడొస్తారని అడుగుతారు. చెప్పిన జవాబు విని, మర్నాడు మళ్లీ అడుగుతారు. విసుక్కోకండి. ఈ వయసు పిల్లల్లో ఇంకో సంగతుంది, అది బయటికి కనబడదు. తాము మనసులో అనుకున్నవి జరిగిపోతాయని వాళ్లు నమ్ముతారు. టీవీ రిమోట్ ఇవ్వలేదని ఒకరోజు పిల్లాడికి తాతయ్య మీద కోపమొచ్చి, 'ఈ తాతయ్య లేకపోతే బాగుండు' అనుకుని ఉంటాడు. ఇప్పుడు తాతయ్య నిజంగానే లేరు. ఈ రహస్యం మోసుకుంటూ తిరిగే పిల్లలు మనకు తెలియకుండా చాలామందే ఉంటారు. వాళ్లు ఏడవరు. అల్లరి పెంచుతారు, పక్క తడుపుతారు, కడుపునొప్పంటారు.

అలాంటి పిల్లాడితో, "నువ్వు బుద్ధిగా ఉంటే తాతయ్యకి పుణ్యం వెళ్తుంది, అల్లరి చేస్తే ఆయన ఆకలితో ఉంటారు" అన్నామనుకోండి. ప్రేమతోనే అంటాం, అందులో సందేహం లేదు. వాడికి వినిపించేది వేరు. 'తాతయ్య నావల్ల పోయారు, ఇప్పుడు నావల్ల ఆకలితో ఉన్నారు.' ఆ చిన్ని భుజాలకు అది మోయరాని బరువు.

పోయినవారి ఆకలి మాట ఎక్కడినుంచో పుట్టుకొచ్చింది కాదు. పాళీ సంప్రదాయంలో బింబిసారుడి కథ ప్రసిద్ధం. రాజగృహంలో ఆయన బుద్ధుడికీ భిక్షువులకూ దానం చేశాడు కానీ, ఆ పుణ్యాన్ని ఎవరికీ అందించలేదు. ఎప్పటినుంచో ప్రేతలోకంలో కాచుకుని ఉన్న ఆయన పూర్వజన్మ బంధువులు ఆ రాత్రి భయంకరంగా కేకలు వేశారు. మర్నాడు బుద్ధుడు సంగతి చెప్పగా, బింబిసారుడు మళ్లీ దానం చేసి, ఈసారి వాళ్ల పేరున పుణ్యం ఇచ్చాడు. వాళ్లకు తిండీ బట్టా దక్కాయి. పెద్దలకు ఇది మంచి కథ. గోడల అవతల నిలబడి, మా వాళ్లు మమ్మల్ని తలుచుకుంటారా అని ఎదురుచూసేవాళ్ల కథ. కానీ చీకటంటే భయపడే వయసులో ఆ కేకలు పిల్లల చెవిన వేయకండి. పదేళ్లు దాటాక, వాళ్లంతట వాళ్లు అడిగితే చెప్పవచ్చు. అప్పుడు కూడా తాతయ్యను ఆ గోడ అవతల నిలబెట్టకండి.

"మరి తాతయ్య ఎక్కడున్నారు?" అని అడిగితే, తెలియదని చెప్పడమే మంచిది. తెలియదన్న మాట మన నోట వింటే పిల్లలు బెదిరిపోరు, మనం తడుముకుంటేనే బెదురుతారు. ఇదే సందేహం బుద్ధుడి దగ్గరికి జానుస్సోణి అనే బ్రాహ్మణుడూ తీసుకొచ్చాడు. మేమిచ్చేది పోయిన బంధువులకు నిజంగా అందుతుందా అని. అందుకోగల చోట ఉంటే అందుతుందన్నాడు బుద్ధుడు. మనిషిగానో దేవతగానో పుట్టి ఉంటే, అక్కడ వాళ్ల తిండి వాళ్లకుంటుంది. మరి ఆ బంధువు అక్కడ లేకపోతే? అక్కడున్న మరో బంధువుకు అందుతుంది. ఏ బంధువూ లేకపోతే? ఇచ్చినవాడికి ఫలం ఎలాగూ దక్కుతుంది, ఇచ్చింది వ్యర్థం కాదు. ఈ జవాబును పిల్లల మాటల్లోకి సులువుగా మార్చవచ్చు. "తాతయ్యకి అవసరమైతే తాతయ్యకి చేరుతుంది. ఆయన హాయిగా ఉంటే, అవసరమున్న ఇంకెవరికో చేరుతుంది." ఈ మాట విన్న పిల్లల్లో చాలామంది కుదుటపడతారు. తాతయ్యకి తామిచ్చేది ఉత్తినే పోదని వాళ్లకు తెలియడమే కావాలి.

ఇంకో భరోసా కూడా వాళ్లకివ్వాలి, ఈ పని నీ ఒక్కడిదీ కాదని. చైనా, జపాన్, వియత్నాం దేశాల్లో ఏడో నెల పౌర్ణమి పండుగకు సంబంధించి చెప్పుకునే కథ ఇక్కడ ఉపయోగపడుతుంది. బుద్ధుడి శిష్యుల్లో ఋద్ధిశక్తులకు మేటి మౌద్గల్యాయనుడు. పోయిన తల్లి ప్రేతంగా ఆకలితో ఉండటం చూసి, ఆయన అన్నం తీసుకెళ్లాడు. నోటిదాకా వెళ్లేసరికి అది నిప్పులైపోయింది. ఏడుస్తూ బుద్ధుడి దగ్గరికొస్తే, నీ ఒక్కడి శక్తి చాలదు, వర్షావాసం ముగిసిన రోజున సంఘమంతటికీ దానం చెయ్యి, అందరి పుణ్యం కలిస్తే ఆమెకు విముక్తి అన్నాడు. అంతటి శిష్యుడికే ఒంటరిగా చేతకాలేదు! ఆ నిప్పుల సంగతి చిన్నపిల్లలకు దాటవేసి, మిగతాది చెప్పండి. నీటిధార పోసేటప్పుడు కూజా మీద వాడి చేయి, వాడి చేయి మీద మీ చేయి ఉంచండి. థాయిలాండులో నీళ్లు పోసేవారి భుజమో మోచేయో పక్కవాళ్లు పట్టుకుంటారు, వాళ్ల వెనకవాళ్లు వాళ్లను. పిల్లలకిది ఇష్టమైన భాగం.

వియత్నాంలో ఆ పండుగనాడు చొక్కాకు గులాబీ పెట్టుకుంటారు. తల్లి ఉన్నవాళ్లు ఎర్రది, లేనివాళ్లు తెల్లది. 1962లో బౌద్ధ భిక్షువు థిక్ నాత్ హాన్ రాసిన ఒక చిన్న రచనతో అది జనంలోకి వెళ్లింది. తెల్ల గులాబీ పెట్టుకున్న పిల్లాణ్ని చూడగానే మిగతావాళ్లకు అర్థమైపోతుంది, వాడు నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. మన దగ్గర పోయినవారి ఫొటోకు దండ వేస్తాం కానీ, ఉన్న పిల్లాడి బెంగకు ఏ గుర్తూ లేదు. కర్మకాండల హడావుడిలో వాణ్ని పక్కింట్లో కూర్చోబెడతాం, చూసి భయపడతాడని. భయపడేది ఎక్కువగా చూడనిదానికే. ఒక మూల కూర్చోనివ్వండి, అలసిపోతే లేచి ఆడుకోనివ్వండి. పిల్లల దుఃఖం పెద్దవాళ్ల దుఃఖంలా ఏకధారగా ఉండదు. ఇప్పుడు ఏడుస్తారు, పది నిమిషాలకు సైకిలెక్కుతారు, రాత్రి మళ్లీ గుర్తొస్తుంది. వీడికి బాధే లేదని బంధువులెవరైనా అంటే పట్టించుకోకండి.

వైద్యుడిగా ఒక మాట. ఏ పుణ్యకార్యమూ బెంగకు మందు కాదు. వారాలు గడిచినా నిద్ర, తిండి సరిగా లేకపోతే, ఆట మానేస్తే, బడికి వెళ్లనని మొండికేస్తే పిల్లల డాక్టరుకో మానసిక వైద్యుడికో చూపించండి. "నేనూ తాతయ్య దగ్గరికి వెళ్లిపోతా" అంటే చాలాసార్లు అది ఉత్త బెంగే. అయినా తోసేయకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, ఎందుకలా అనిపించిందో అడగండి. చచ్చిపోవాలనుందన్న మాట వినిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు రెండోదైన అనుమోదన సంగతి చూద్దాం. ఇది పంచడం కన్నా కష్టం, ముఖ్యంగా ఇద్దరు పిల్లలున్న ఇంట్లో. అక్కకు వక్తృత్వంలో కప్పు వచ్చింది. తమ్ముడు మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "చూడు, అక్క ఎంత బాగా చెప్పిందో, నువ్వూ సంతోషించాలి కదా" అంటాం. పిల్లాడు నోటితో బాగుందంటాడు, లోపల ఇంకో ముడి పడుతుంది. సంతోషించమని ఎవరినీ ఆజ్ఞాపించలేం. ముందు వాడి కుళ్లును మనం భరించాలి. "నీకూ కప్పు రావాలని ఉంది, కదూ?" అనండి. అంతే అని వదిలేయండి. ఒక్కోసారి గంట తర్వాత వాడే వెళ్లి కప్పు పట్టుకుని చూస్తాడు. ఆ పని వాడంతట వాడు చేస్తే అదే అనుమోదన. సంప్రదాయం దీన్ని విడిగా ఒక పుణ్యకార్యంగా లెక్కించడంలో మంచి తెలివి ఉందనిపిస్తుంది. చేతిలో పైసా లేనివాడు కూడా ఎదుటివాడి మంచికి సంతోషించి పుణ్యం సంపాదించవచ్చు. పోటీల్లో ఎప్పుడూ వెనకబడే పిల్లలకు ఈ మాట విడిగా చెప్పాలి. పొగడ్తలా కాకుండా మామూలుగా: "నువ్వు చప్పట్లు కొట్టినప్పుడు నీ స్నేహితుడి ముఖం చూశావా?"

మనం మాత్రం పిల్లల ముందు బంధువులు కొన్న కొత్త కారు గురించి ఏం మాట్లాడుకుంటున్నామో కాస్త గమనించుకోవాలి.

తల్లిదండ్రులకు నేను చెప్పడానికి వెనకాడే మాట ఒకటుంది. మన పిల్లలకు జబ్బు చేస్తే, 'నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు నాయనా' అంటాం. వాళ్లు తప్పు చేస్తే, ఆ తప్పు మన ఖాతాలో పడితే బాగుండుననుకుంటాం. స్కూల్లో ఎవరినో కొట్టొస్తే మనమే వెళ్లి క్షమాపణ చెప్పి, వాడి చేత చెప్పించకుండా తీసుకొచ్చేస్తాం. మిళిందపన్హ అనే పాళీ గ్రంథంలో మిళిందరాజు నాగసేనుడనే భిక్షువును ఇదే అడుగుతాడు. పుణ్యాన్ని పంచగలిగితే, పాపాన్ని ఎందుకు పంచలేం? నాగసేనుడి జవాబు సూటిగా ఉంటుంది. చెయ్యనివాడికి, ఒప్పుకోనివాడికి పాపం అంటదు. మంచి పెద్దది, అది వ్యాపిస్తుంది. చెడు చిన్నది, చేసినవాడి దగ్గరే ఉండిపోతుంది. వినడానికి ఇది కఠినంగా ఉంటుంది. కానీ ఇందులో పిల్లాడికి ఒక మర్యాద ఉంది. నీ తప్పు నీదే, దాన్ని నువ్వే సరిచేసుకోగలవు అని చెప్పడంలో వాడి మీద నమ్మకం ఉంది. మనం పక్కన నిలబడవచ్చు. క్షమాపణ మాట మాత్రం వాడి నోటినుంచే రావాలి.

అలాగే మన పుణ్యం కూడా వాళ్లలోకి ఊరికే ఎక్కదు. పరీక్షల ముందు తల్లి అష్టశీలాలు పట్టి, మధ్యాహ్నం దాటాక తినకుండా ఉండి, పుణ్యమంతా కూతురి ర్యాంకుకు అందిస్తుంది. తల్లి ప్రేమకు పేరు పెట్టనక్కర్లేదు. కానీ థేరవాద వ్యాఖ్యానం ప్రకారం, పంచిన పుణ్యం అందుకునేవారి అనుమోదనతోనే వాళ్లదవుతుంది. వాళ్ల మనసు సంతోషించాలి, అప్పుడే అక్కడ పుణ్యం పుడుతుంది. "నీకోసం ఉపవాసం ఉన్నాను, కనీసం చదవనైనా చదువు" అంటే ఆ అమ్మాయిలో పుట్టేది సంతోషమా, అపరాధభావమా? ఇంటర్ చదివే పిల్లలు నా ముందు ఏడ్చిన సందర్భాల్లో ఈ రెండోది చాలాసార్లు ఉంది. ఉపవాసం ఉండాలనుకుంటే ఉండండి. దాన్ని చదువుకు జామీను మాత్రం చేయకండి. పదిహేనేళ్ల పిల్ల "నాకివేవీ నమ్మకం లేదు" అంటే, సరే అనండి. మీరు మీ పద్ధతిలో చేసుకుంటూ ఉండండి, పిలవకండి, ఆపకండి.

ఎవరికి పంచాలి అన్నప్పుడు మన గడ్డ మీదే ఒక మంచి నమూనా ఉంది. మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురిని ఇక్ష్వాకులు ఏలారు. ఆ వంశపు రాజు శాంతమూలుడి సోదరి, ఆయన కొడుకు వీరపురుషదత్తుడి మేనత్త అయిన చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యం దగ్గర రాతి స్తంభాలు నిలబెట్టించింది. ఆ శాసనాల్లో తన పుణ్యం ఎవరికి చెందాలో చెప్పింది. పుట్టిల్లు, మెట్టిల్లు రెండింటిలో గతించినవారికి, ఇప్పుడున్నవారికి, ఇకముందు పుట్టబోయేవారికి. తనకు నిర్వాణం కావాలనీ కోరుకుంది, లోకమంతటికీ హితసుఖాలు కోరింది. పుట్టబోయేవాళ్లను కూడా లెక్కలో వేసుకోవడం పిల్లలకు భలే నచ్చుతుంది. సాగర్‌లో లాంచీ ఎక్కి ఆ దీవిలోని మ్యూజియానికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పండి. అప్పుడు పిల్లలు వేసే ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది: "ఆవిడ లెక్కలో మనం ఉన్నామా?" లోకమంతా అన్నప్పుడు ఉన్నట్టే కదా.

ఇంట్లో రాత్రిపూట దీన్నే చిన్నగా చేసుకోవచ్చు. ఇవాళ నువ్వు చేసిన ఒక మంచి పని ఏమిటి, దాన్ని ఎవరికిద్దాం? పేర్లు పిల్లాణ్నే చెప్పనివ్వండి. వీధి కుక్క, స్కూల్ ఆటో అంకుల్, చచ్చిపోయిన గోల్డ్‌ఫిష్, ఎవరైనా సరే. నాయనమ్మ పేరు మరిచిపోతే గుర్తుచేయకండి. తన పేరు చెప్పుకుంటే నవ్వకండి. మైత్రీ భావనను థేరవాద వ్యాఖ్యాత బుద్ధఘోషుడు తన విశుద్ధిమార్గం అనే గ్రంథంలో ఎవరికి వారు తమతోనే మొదలుపెట్టమన్నాడు. మంచి పనేదీ తట్టని రోజు ఉంటే, మీరు చూసినదొకటి చెప్పండి. అదీ లేకపోతే లైటు తీసేసి పడుకోండి.

చివరిగా, కొందరు తల్లిదండ్రులు అతి మంచితనంతో చేసే పని ఒకటుంది. స్కూల్లో ఒక అబ్బాయి రోజూ తమవాణ్ని ఏడిపిస్తుంటే, టిఫిను లాక్కుంటుంటే, "వాడికి కూడా పుణ్యం పంచు నాన్నా, వాడు మారతాడు" అంటారు. బుద్ధఘోషుడు కూడా శత్రువుతో మొదలుపెట్టొద్దనే అన్నాడు. ఇష్టమైనవాళ్లు, ఏ సంబంధమూ లేనివాళ్లు అయ్యాకే శత్రువు వంతు. దెబ్బలు తింటున్న పిల్లాడికి ఆ సమయంలో కావలసింది, అమ్మానాన్నలు తన పక్షాన ఉన్నారన్న ధైర్యం. మర్నాడే స్కూలుకు వెళ్లి టీచరుతో, అవసరమైతే ప్రిన్సిపాలుతో మాట్లాడండి. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో పిల్లాడి చేత చెప్పించుకుని కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఏం చర్య తీసుకుంటారో అడిగి తెలుసుకుని, వారం తర్వాత మళ్లీ వెళ్లండి. ఆ గొడవ తీరాక, కొన్ని నెలలకు, రాత్రి జాబితాలో ఆ అబ్బాయి పేరు మీవాడే చేర్చవచ్చు. చేర్చకపోవచ్చు. మనం మాత్రం అడగవద్దు.